ముఖము త్రిప్పుకొను స్వాతంత్ర్యము: వీడియో ప్రకటనలు, యాడ్ బ్లాకర్లు

గోదావరి సాగరమును చేరకమున్ను పాయలుగా చీలి తన కౌగిట నిముడ్చుకొన్న కోనసీమలో, రాజోలునకు దిగువగా, అంతర్వేదికి అనతిదూరమున, సఖినేటిపల్లి మండలమునందు మోరి యను గ్రామము కలదు. జీడిపప్పు పరిశ్రమకు ఎన్నడో పేరుపడిన యీ యూరికి 2016 డిసెంబరులో మఱియొక ప్రసిద్ధి అబ్బెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌గ్రిడ్ పథకమును ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఇచ్చట ప్రారంభించి, నెలకు 149 రూపాయల రుసుముతో టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడింటిని ఒక్క తీగమీద ఇంటింటికి అందింప సంకల్పించిరి. దానికి మూడు మాసములకు పైగా ముందే, సెప్టెంబరు 5వ తేదీన, జియో సంస్థ తన సేవలను ఆరంభించి, అంతవఱకు జీబీ ఒక్కంటికి రెండువందల రూపాయలకు పైబడి పలికిన డేటా వెలను నేలకు దింపియుండెను. తీగ మార్గమున నొకటి, గాలి మార్గమున నొకటి, రెండు ప్రవాహము లొక్కసారి వచ్చి కొబ్బరితోటల నడిమి యిండ్లను ముంచెత్తినవి.

అప్పటినుండి అమలాపురము మొదలు కొత్తపేట వఱకు కాలక్షేపపు స్వరూపమే మారిపోయినది. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశరుద్రుల ప్రభలు తరలివచ్చు వైభవమును, కువైటులోను దుబాయిలోను కొలువులు చేయుచున్న కోనసీమ ఆడపడుచులు సెల్‌ఫోను తెరమీదనే కన్నులార చూచుకొనుచున్నారు. ఇంటిపట్టున నున్న పెద్దవారు చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనము వినుచు మధ్యాహ్నములు గడుపుచున్నారు. సుందరకాండ నడుమ, హనుమంతుడు అశోకవనమున అడుగు పెట్టబోవు పట్టున, ఎక్కడినుండియో ఒక అప్పులయాప్ ప్రకటన వచ్చి మీదపడును. "స్కిప్పు కొట్టరా అబ్బాయ్" అని మామ్మ కేకవేయును. "ఆయ్, ఇది స్కిప్ అవదు మామ్మా, పదిహేను సెకన్లూ చూడాల్సిందే" అని మనుమడు బదులు పలుకును. ఆ పదిహేను సెకన్ల నిర్బంధమును తప్పింప పుట్టిన సాధనములే యాడ్ బ్లాకర్లు. వానిని మాపుటకు వీడియో సంస్థలును, ఆ సంస్థల కన్నుగప్పుటకు వాని కర్తలును ఏండ్ల తరబడి సాగించుచున్న పెనగులాటను మొదటినుండి పరిశీలించి, ఎవరి వాదమున ఎంత పస కలదో తూచి చూచుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

ప్రకటనకర్త ధనము పెట్టగా పాఠకుడు అల్పమూల్యమునకు చదువుకొను ఏర్పాటు తెలుగువారికి క్రొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించి, దానిని సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి ప్రచారమునకు తెచ్చి, ఆ వ్యాపారమువలన వచ్చిన ద్రవ్యముతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలయించి, 1914లో మదరాసునందు దాని దినపత్రికను, 1924లో భారతి మాసపత్రికను నెలకొల్పిరి. తలనొప్పి మందు అమ్మకముచేత ఛందోవ్యాకరణచర్చలు పోషింపబడిన దేశము మనది. కావున ప్రకటన యనగానే ముక్కు విఱచుకొనువారి శుచిత్వము నా కంతగా రుచింపదు. ఐనను ఆనాటి యేర్పాటునందు రెండు గుణములు ఉండినవి. మొదటిది, అమ్ముచున్నవాడెవడో అందఱకు తెలియును. పసుపుపచ్చని డబ్బీమీద పేరు, ఊరు అచ్చుపడియుండును, మందు పనిచేయనిచో నిందింపదగిన మనిషి యొకడు కలడు. రెండవది, పాఠకుడు ప్రకటనను చదువక పుట త్రిప్పవచ్చును. చదివితివా, లేదా యని పత్రికాధిపతి అడిగి యెఱుగడు, అడుగుటకు సాధనమును లేదు. ఈ రెండవ గుణమును జనులు ఒక హక్కుగా నెన్నడును తలపలేదు. గాలివలె సహజముగా నున్నదానిని హక్కని యెవరు తలంతురు?

ఆకాశవాణి వివిధభారతియందు 1967 నవంబరు 1వ తేదీన వాణిజ్యప్రకటనలు మొదలయ్యెను. దూరదర్శనమున 1976 జనవరి 1వ తేదీన ప్రవేశించెను. అప్పుడును శ్రోత లేచి వంటింటిలోనికి పోవచ్చును, ప్రేక్షకుడు వీధి యరుగుమీదికి వచ్చి పొరుగువానితో మాటలాడవచ్చును. 1990 తరువాత ఉపగ్రహ ఛానళ్లు, వానితోపాటు రిమోట్లు వచ్చి, ప్రకటన పడగానే ఛానలు మార్చుట ఇంటిల్లిపాదికి అలవాటయ్యెను. ఇది ప్రకటనకర్తలకు తెలియనిది కాదు. తెలిసియే, పదిమంది చూడగా నలుగురు లేచిపోదురన్న లెక్కతోనే వారు వెల కట్టుచుండిరి.

యంత్రము తానే ప్రకటనను దాటించుట మొదలిడినప్పుడుగాని వ్యాజ్యము పుట్టలేదు. అమెరికాలో సోనీవారి బీటామాక్స్ రికార్డరుమీద చలనచిత్రసంస్థలు వేసిన దావాలో ఆ దేశపు సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పుచు, కార్యక్రమమును వేఱొక వేళ చూచుకొనుటకై ఇంటిలో రికార్డు చేసికొనుట దోషము కాదనెను. రీప్లేటీవీ యను యంత్రము ప్రకటనలను తనంత తానుగా దాటించుచున్నదని 2001లో పెద్ద సంస్థలన్నియు దానిమీదికి దండెత్తగా, న్యాయనిర్ణయము కాకమున్నే దాని యజమాని దివాలా తీసెను. 2012లో డిష్ సంస్థ హాపర్ అను పెట్టెతో అదే పని చేయగా, ఫాక్స్ సంస్థ కోరిన తాత్కాలికనిషేధమును 2013లో అప్పీలు న్యాయస్థానము నిరాకరించెను. ఈ పూర్వకథను చెప్పుటకు కారణ మేమనగా, నేటి తగవు అంతర్జాలముతో పుట్టినది కాదు. ప్రేక్షకుడు తల త్రిప్పుకొన్నచో సహించినవారు, వాని బదులు యంత్రము తల త్రిప్పినచో సహింపలేకపోయిరి.

యూట్యూబు 2005లో పుట్టెను. మఱుసటి యేడు గూగుల్ సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొనెను. 2010 చివర ఆ సంస్థ చేసిన పని యొకటి నా దృష్టిలో మిక్కిలి వివేకవంతమైనది: అయిదు సెకన్ల పిదప ప్రకటనను దాటివేయు బొత్తమును ప్రేక్షకుని చేతికే ఇచ్చి, వాడు ముప్పది సెకన్లు, లేదా ప్రకటన చిన్నదైనచో తుదివఱకు, చూచినప్పుడే ప్రకటనకర్త పైకము చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టెను. చూడనివానికి చూపి ప్రయోజనము లేదన్న పాతకాలపు లోకజ్ఞానమును యంత్రభాషలో వ్రాసినట్లయ్యెను. కాని ఆ వివేకము నిలువలేదు. దాటరాని పదిహేను సెకన్ల ప్రకటనలను 2019లో ప్రకటనకర్తలందఱకు అందుబాటునకు తెచ్చిరి. పది నిమిషములకు మించిన వీడియోల నడుమ మాత్రమే చొప్పించు ప్రకటనలను, 2020 జూలైనుండి ఎనిమిది నిమిషములు దాటినవాని యందెల్ల చొప్పింప మొదలిడిరి. 2023లో టెలివిజను తెరలకు దాటరాని ముప్పది సెకన్ల ప్రకటనలు వచ్చెను. 2019లో దాదాపు 1,500 కోట్ల డాలర్లుగా నున్న యూట్యూబు ప్రకటనల ఆదాయము 2024నాటికి 3,600 కోట్ల డాలర్లు దాటెను. ఈ వృద్ధి యంతయు నిర్బంధమువలననే కలిగినదని చెప్పుట అన్యాయము; ప్రేక్షకులు పెరిగిరి, తెరలు పెరిగినవి. ఐనను బ్లాకర్ల దెబ్బకు ప్రాణము మీదికి వచ్చినట్లు మాట్లాడు సంస్థ లెక్కలు ఇట్లున్నవని పాఠకులు గమనింపవలెను.

ఇక బ్లాకర్ల జన్మవృత్తాంతము. 2002లో డెన్మార్కు దేశపు విద్యార్థి హెన్రిక్ సోరెన్సెన్ తన బ్రౌజరునకు ఆడ్‌బ్లాక్ అను చిన్న ఉపకరణమును వ్రాసికొనెను. దానిని మార్చి వ్రాసి వ్లదీమిర్ పలాంట్ 2006లో ఆడ్‌బ్లాక్ ప్లస్‌ను వెలువరించెను. 2014లో కెనడావాసి రేమండ్ హిల్, చందా లడుగక, విరాళములు కోరక, యూబ్లాక్ ఆరిజిన్ అనుదానిని లోకమునకు ఇచ్చెను. ఇవి పనిచేయు తీరు బ్రహ్మవిద్య కాదు. మనమొక పుటను తెరచినప్పుడు బ్రౌజరు పదులకొలది చిరునామాలనుండి బొమ్మలు, అక్షరములు, లెక్కలు వ్రాయు కోడ్ ముక్కలు తెప్పించుకొనును. వానిలో ప్రకటనలు పంపు చిరునామాల జాబితా నొకదానిని, స్వచ్ఛందసేవకులు దినదినము దిద్దుచుండు ఈజీలిస్ట్ వంటిదానిని, చేతబట్టుకొని, బ్లాకరు ఆయా ముక్కలను ద్వారముకడనే ఆపివేయును. మిగిలిన ఖాళీచోటు కనబడకుండ సర్దును. అంతే. ఇంటి రౌటరుకడనే చిరునామాలను మూసివేయు మార్గమొకటి కలదుగాని, యూట్యూబు విషయమున అది చెల్లదు. వీడియోయు ప్రకటనయు ఒక్క చోటినుండియే వచ్చుచున్నవి, ఒకటి మూసిన రెండును మూతపడును.

బ్లాకరు కర్తలందఱు హిల్ వంటి విరాగులు కారు. ఆడ్‌బ్లాక్ ప్లస్‌ను నడపు జర్మనీ సంస్థ ఐయో 2011 డిసెంబరులో, తమకు అంగీకారమైన ప్రకటనలను మాత్రము లోనికి విడుతుమని ప్రకటించి, పెద్ద సంస్థలనుండి అందులకు రుసుము గైకొన మొదలిడెను. గూగులును ఆ రుసుము చెల్లించువారిలో నున్నదని 2015లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వ్రాసెను. ప్రకటనల బాధనుండి జనులను కాపాడ వచ్చినవాడు ద్వారమున నిలిచి సుంకము వసూలుచేయుట చూచి, ఈ పోరాటమున ధర్మపక్ష మొక్కటే గలదని నమ్మినవారు కొంత తలవంచుకొనవలసి వచ్చెను.

యుద్ధము బాహాటమైనది 2023లో. ఆ యేడు నడిమాసములలో యూట్యూబు కొందఱు ప్రేక్షకులకు ఒక హెచ్చరిక చూపెను: బ్లాకరుతో మూడు వీడియోలకంటె ఎక్కువ చూచినచో నాలుగవది ఆడదని. అక్టోబరు, నవంబరు నాటికి ఇది ప్రపంచవ్యాప్తమైన ప్రయత్నమని సంస్థయే ఒప్పుకొనెను. బ్లాకరు వాడుట తమ నిబంధనలకు విరుద్ధమని వాదించెను. బ్లాకరున్నదా యని గమనించుటకై ప్రేక్షకుని బ్రౌజరులోనికి తొంగిచూచుట ఐరోపా గోప్యతాచట్టములకు విరుద్ధమని అలెగ్జాండర్ హాన్ఫ్ అను గోప్యతావాది ఐర్లండు అధికారులకు ఫిర్యాదు చేసెను. ఆ దినములలో బ్లాకర్లను తీసివేసినవారి సంఖ్యయు, ఒకటి పనిచేయకపోగా మఱియొకటి తెచ్చిపెట్టుకొన్నవారి సంఖ్యయు ఏకకాలమున పెరిగినవని వాని కర్తలే చెప్పిరి. జాబితా దిద్దువారు ఉదయము ఒక దారి కనుగొనగా సాయంకాలమునకు సంస్థ దానిని మూసివేయుట, రాత్రికి మఱియొక దారి పుట్టుట, కొన్ని వారములపాటు దినకృత్యమయ్యెను.

ఇంతలో అంతకంటె బలమైన ఆయుధ మొకటి వేఱొక మూలనుండి వచ్చెను. లోకమున అత్యధికులు వాడు క్రోమ్ బ్రౌజరు గూగులుదే. బ్రౌజరునకు తగిలించు ఉపకరణములు పాటింపవలసిన నియమావళిని మార్చుచున్నామని ఆ సంస్థ 2018లోనే చెప్పియుండెను. మానిఫెస్ట్ వీ3 అని దానికి పేరు. పూర్వము ప్రతి యభ్యర్థనను ఉపకరణమే స్వయముగా చూచి, ఆపుటయో విడుచుటయో నిర్ణయించుచుండెను. క్రొత్త నియమమున ముందుగా వ్రాసి యిచ్చిన సూత్రములను బ్రౌజరే అమలుపఱచును. భద్రతకొఱకు, వేగముకొఱకు ఈ మార్పని సంస్థ చెప్పుచున్నది. దుష్టోపకరణములు వాడుకదారుల రహస్యములను దొంగిలించిన సందర్భములున్నవి గనుక ఆ మాట పూర్తిగా అబద్ధము కాదు. కాని 2024 జూన్‌నుండి దశలవారీగా అమలై, యూబ్లాక్ ఆరిజిన్‌వంటి సమర్థసాధనము క్రోమ్‌లో నిలువ నీడలేక, లైట్ అను చిక్కిపోయిన రూపముతో మిగులుటచూడ, ప్రకటనలమ్మువాడే ద్వారమునకు తాళముచెవి పట్టుకొనియుండుటలోని చిక్కు తెల్లమగును. అమెరికాలో వర్జీనియా న్యాయస్థానము 2025 ఏప్రిల్‌లో, ప్రకటనల సాంకేతికవిపణియందు గూగులు అక్రమముగా గుత్తాధిపత్యము నెఱపుచున్నదని తీర్పు చెప్పినది వేఱు వ్యాజ్యములోనైనను, దీనితో కలిపి చదువదగినది.

మఱియొక ఉపాయము 2024 జూన్‌లో బయటపడెను. వీడియోలలోని ప్రాయోజితభాగములను దాటించు స్పాన్సర్‌బ్లాక్ కర్త దానిని మొదట పసిగట్టెను: యూట్యూబు తన సర్వరుకడనే ప్రకటనను వీడియోలో కుట్టివేసి ఒక్క ధారగా పంపుటకు పరీక్షలు చేయుచున్నదని. పాలును నీరును వేఱుచేయు హంస కథలలోనిది. చిరునామాను చూచి ఆపు బ్లాకరునకు ఈ కలగలుపును విడదీయుట దుష్కరము. ఐనను ఒక లొసుగు దీనిలోనే యున్నది. ప్రకటనమీద నొక్కినచో ప్రకటనకర్త పుటకు పోవలెను, ప్రకటన జరుగుచున్నంతసేపు ముందుకు జరుపు పట్టీ కదలరాదు. ఇందులకై ప్రకటన ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో సంస్థ ప్రేక్షకుని యంత్రమునకు తెలుపక తప్పదు. తెలిపినదానిని బ్లాకరును చదువును. కనుక ఈ యాయుధముతోనే యుద్ధము ముగియునని నేను తలపను.

ఇంతవఱకు చెప్పిన యుద్ధమంతయు కంప్యూటరు బ్రౌజరు మీదిది. కోనసీమలోనేకాదు, తెలుగుదేశమంతట వీడియోలు చూచువారు అధికముగా చూచునది చేతిఫోనులోని యాప్‌లో, లేదా గోడమీది స్మార్ట్ టీవీలో. అచ్చట బ్రౌజరు ఉపకరణములకు చోటు లేదు. ఆ లోటు తీర్చుటకే, యూట్యూబు యాప్‌ను విప్పి ప్రకటనలు తీసివేసి తిరిగి కుట్టిన వాన్సెడ్ అను మాఱురూపు కొన్నేండ్లు చెలామణియయ్యెను; గూగులు న్యాయవాదుల నోటీసుతో 2022 మార్చిలో దాని కర్తలు దానిని విరమించిరి. తరువాత రీవాన్సెడ్ అనునది తలయెత్తెను. 2024 ఏప్రిల్‌లో సంస్థ ఇట్టి యాప్‌లమీదను చర్య ప్రకటించెను. ఊరి సెల్‌ఫోను దుకాణములలో అడిగినవారికి ఇట్టివి ఎక్కించి యిచ్చుట అరుదు కాదు. ఇచ్చట నేనొక మాట ఖండితముగా చెప్పదలచితిని: కర్త యెవడో తెలియని చోటినుండి తెచ్చిన యాప్‌లో గూగుల్ ఖాతా తెరచి కూర్చుండుట, పదిహేను సెకన్ల విసుగు తప్పించుకొనుటకై బ్యాంకు సందేశములు వచ్చు ఫోనును పరులచేత పెట్టుట. బ్రౌజరు బ్లాకరునకును దీనికిని న్యాయదృష్టియందే కాక క్షేమదృష్టియందును చాల దూరము.

న్యాయశాస్త్రమున ఆ దూరమెట్లున్నదో జర్మనీ తీర్పులు చెప్పుచున్నవి. అక్సెల్ స్ప్రింగర్ అను పత్రికాసంస్థ ఐయోమీద వేసిన దావాలో జర్మనీ సర్వోన్నత న్యాయస్థానము 2018 ఏప్రిల్ 19న, బ్లాకరును అందించుట అక్రమస్పర్ధ కాదని, దానిని వాడుటయో మానుటయో వాడుకదారుని స్వేచ్ఛయని తేల్చెను. ఓడినవారు దారి మార్చి, తమ పుట యొక కంప్యూటరు ప్రోగ్రాముగనుక బ్రౌజరులో దానిని మార్చుట గ్రంథస్వామ్యభంగమని క్రొత్త వ్యాజ్యము తెచ్చిరి. హాంబర్గు న్యాయస్థానములు దానిని త్రోసిపుచ్చినను, 2025 జూలై 31న సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును కొంత రద్దుచేసి, సాంకేతికాంశములను మరల విచారింపుడని వెనుకకు పంపెను. నా యింటి తెరమీద కనబడు పుటను నా కన్నులకు అనువుగా మార్చుకొనుట కర్త హక్కునకు భంగమైనచో, చదువుట కష్టమని అక్షరములు పెద్దవి చేసికొనుటయు, తెలియని భాషను యంత్రముచేత తెలుగు చేయించుకొనుటయు ఏమగునో ఆ వాదము చేయువారు చెప్పవలసియున్నది.

వీడియో సంస్థల పక్షమున వినబడు బలమైన వాదము, ప్రకటనలు ఆపినచో కళాకారుని నోటికాడి కూడు పోవునన్నది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. పెద్ద వీడియోలమీద వచ్చిన ప్రకటనల ఆదాయములో 55 శాతము యూట్యూబు కర్తకు ఇచ్చుచున్నది. గుంటూరు జిల్లాలో పొలముగట్టున పొయ్యి పెట్టి వండుచు నూఱేండ్ల వయస్సున లోకప్రసిద్ధురాలై 2018లో కన్నుమూసిన మస్తానమ్మగారును, జగిత్యాల జిల్లా లంబాడిపల్లెనుండి మై విలేజ్ షో ద్వారా వెలుగులోనికి వచ్చిన గంగవ్వయు, ఏ పెట్టుబడిదారుని గడప త్రొక్కకయే ప్రేక్షకులను సంపాదించుకొనిరి. 2018 ఏప్రిల్‌లో గూగులు యాడ్‌సెన్స్ అను తన ప్రకటనల సేవను తెలుగునకు విస్తరించినతర్వాత తెలుగులో వ్రాయువారికి కూడ ఆ ద్వారము తెరచుకొనెను. ఇది ప్రకటనల పుణ్యమే.

కాని యీ వాదమును చేయు సంస్థ చేతలును చూడవలెను. 2018 జనవరిలో అది తెచ్చిన నియమము ప్రకారము వేయిమంది చందాదారులు, సంవత్సరమున నాలుగువేల గంటల వీక్షణము లేని కర్తకు ప్రకటనలలో వాటా లేదు. 2020 నవంబరులో నిబంధనలు మార్చి, ఆ యర్హత లేనివారి వీడియోలమీదను ప్రకటనలు వేయు హక్కు తనకు కలదనియు, ఆ సొమ్ములో కర్తకు భాగము లేదనియు వ్రాసికొనెను. మఱుసటి యేడు ఇది అమెరికా వెలుపలి దేశములకును వర్తించెను. ఆత్రేయపురము పూతరేకుల విధానమును చక్కగా చిత్రించి పెట్టిన ఇల్లాలికి మూడువందలమంది చందాదారులే యున్నచో, ఆమె వీడియోకు ముందు వచ్చిన ప్రకటనను చూచిన ప్రేక్షకుడు ఆమెకు దమ్మిడీ ఇచ్చినవాడు కాడు. "కళాకారులకొఱకు" అను మాట ఇట్టి తావులలో ఎవరికొఱకో పాఠకులే గ్రహింపగలరు.

ప్రేక్షకుల పక్షవాదములలో సాధారణముగా చెప్పునవి విసుగు, కాలవ్యయము, డేటా వ్యయము. మొదటి రెండును నిజమే గాని పెద్దవి కావు; మూడవది 2016కు పూర్వము మిక్కిలి బలమైనదై, నేడు చాలవఱకు బలము తగ్గినది. నాకు తోచినంతలో అసలు వాద మిది: ప్రకటనలో నున్నవా డెవడు? అమెరికా కేంద్ర నేరపరిశోధనసంస్థ ఎఫ్‌బీఐయే 2022 డిసెంబరులో, వెదుకుఫలితముల ప్రకటనలలో నకిలీ సంస్థల మోసములు మెండైనవి గనుక బ్లాకరు వాడుట మేలని పౌరులకు సలహా యిచ్చెను. మనదేశమున 2024 ఏప్రిల్‌లో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి, తన ముఖ్యాధికారి ముఖమును గొంతును కృత్రిమముగా కల్పించి షేర్లు కొనుడని చెప్పించు వీడియోలు తిరుగుచున్నవని జనులను హెచ్చరించెను. తెలుగునాట బెట్టింగు యాప్‌ల కథ మఱింత బాధాకరము. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో పైకముపెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించెను. నిషేధించినను తెలుగు గొంతులతో, తెలుగు తారల ముఖములతో వాని ప్రచారము సాగుచునే యుండెను. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినీనటులతోసహా పలువురిమీద కేసులు పెట్టిరి. ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి, అట్టి ఆటలతోపాటు వాని ప్రకటనలనుకూడ దేశమంతట నిషేధించెను. ఏండ్ల తరబడి ఒక రాష్ట్రమున చట్టవిరుద్ధమైన వ్యాపారము ఆ రాష్ట్రపు ఇండ్లలోని తెరలమీద తన్ను తాను పొగడుకొనెనన్నమాట. ఆ కాలమున కాలేజీ చదువు కుఱ్ఱవాని ఫోనులో తండ్రి యొక బ్లాకరు పెట్టించియుండినచో, అది కళాకారుని కూడు తీసివేయుటయో, కొడుకు కూడు నిలుపుటయో నేను చెప్పనక్కఱలేదు. అమృతాంజనపు డబ్బీమీది చిరునామా ఇచ్చట లోపించినది. గూగులు 2023లో ప్రకటనకర్తల వివరములు వెదకుకొనుటకు ఒక పుటను తెరచినమాట నిజమే. దానిని వెదకి చదివి ఇది మోసమా కాదా యని తేల్చుకొనవలసిన భారము మన మామ్మమీద మోపుట న్యాయమనిపించదు.

"ప్రకటన వలదన్నచో పైకమిమ్ము" అనుట సంస్థల చివరి సమాధానము. ఇదియు న్యాయమైన మాటయే. యూట్యూబు ప్రీమియము మనదేశమునకు 2019 మార్చిలో నెలకు 129 రూపాయలకు వచ్చి, 2024 ఆగస్టులో 149 రూపాయలయ్యెను. మోరి గ్రామమున తీగ, టెలివిజను, ఫోను, ఇంటర్నెట్టు అన్నియు కలిపి ఫైబర్‌గ్రిడ్ అడిగిన వెల సరిగా అదే. పట్టణమున కంప్యూటరు కొలువు చేయువానికి ఏడాదికి 1,788 రూపాయలు కాఫీఖర్చు. కొబ్బరి దింపు కూలివానికి కాదు. ఇచ్చుకొనగలవారు ఇచ్చి చూచుట మేలే, ఆ చందాలోను కర్తలకు వాటా పోవుచున్నది. కాని చందా కట్టినవానికైనను ప్రకటనలు తప్పునను నమ్మకము సన్నగిల్లుచున్నది. అమెజాన్ ప్రైమ్ వీడియో అంతవఱకు చందాదారులకు ప్రకటనలు లేకుండ చూపి, 2025 జూన్ 17నుండి మనదేశమున ప్రకటనలు చొప్పించి, అవి వలదన్నవారు ఏడాదికి మఱి 699 రూపాయలు కట్టవలెననెను. యూట్యూబు 2025 సెప్టెంబరులో 89 రూపాయలకు ప్రీమియం లైట్ అను చందా తెచ్చెను. దానియందు పాటల వీడియోలకును షార్ట్స్ అను పొట్టి వీడియోలకును ప్రకటనలు మిగిలియే యున్నవి. తెలుగువాడు యూట్యూబులో పాటలు వినకుండ ఏమి చూచునని ఆ లైట్ రూపకర్తలు తలంచిరో!

కనుక నా పక్ష మిది. బ్రౌజరులో బ్లాకరు పెట్టుకొనుట దొంగతనము కాదు. పుట త్రిప్పుట, లేచి అరుగుమీదికి పోవుట, రిమోటు నొక్కుట అను పూర్వపు స్వాతంత్ర్యమును యంత్రము హరించినప్పుడు యంత్రముచేతనే తిరిగి తెచ్చుకొనుట. ఐనను ప్రేక్షకులందఱు బ్లాకర్లు పెట్టుకొన్ననాడు మస్తానమ్మగారి వంటివారికి దారి మూతపడుననుటయు నిజమే గనుక, నేను కోరునది బ్లాకరుల జయము కాదు, ప్రకటనకు హద్దు. టెలివిజనునకు అట్టి హద్దు కాగితముమీద నున్నది: కేబుల్ టెలివిజన్ నియమముల ప్రకారము గంటకు పండ్రెండు నిమిషములకు మించి ప్రకటనలు వేయరాదు, అందు పది నిమిషములు వాణిజ్యప్రకటనలు, రెండు నిమిషములు ఛానలు తన్ను గుఱించి చెప్పుకొనుట. టెలికాం నియంత్రణసంస్థ ట్రాయ్ దానిని 2012, 2013లలో గట్టిగా అమలుచేయబోగా ఛానళ్లు ఢిల్లీ హైకోర్టునకు పోయి, కఠినచర్యలు తీసికొనరాదన్న మధ్యంతర ఉత్తర్వు సంపాదించుకొనినవి. అంతర్జాల వీడియోకు ఆపాటి కాగితమును లేదు. గంటకు నిమిషములు ఇన్నియని, దాటరాని ప్రకటన ఇన్ని సెకన్లని, ప్రకటనకర్త పేరు ఊరు తెలుగులో తెరమీదనే కనబడవలెనని, మోసపు ప్రకటన వేసి సొమ్ము తీసికొన్న సంస్థ ఆ సొమ్ము మోసపోయినవానికి తిరిగి చెల్లింపవలెనని వ్రాయుటకు ఏ శాస్త్రజ్ఞుడును అక్కఱలేదు. అంతర్జాల ప్రసారములనుకూడ కలుపుకొని కేంద్రప్రభుత్వము 2023 నవంబరులో ప్రసారసేవల బిల్లు ముసాయిదాను విడుదల చేసెను. 2024లో దానిని సవరించి కొందఱికి మాత్రము చూపగా, వీడియోకర్తల స్వేచ్ఛకే అది ముప్పని గగ్గోలు పుట్టి, ఆగస్టులో ఆ ప్రతులను వెనుకకు తీసికొనిరి. ఆ గగ్గోలు సకారణమైనదే. ఐనను ఆ ముసాయిదామీద నెలలతరబడి సాగిన చర్చలో, వీడియోలు తీయువారిని ఎట్లు అదుపుచేయవలెనను ప్రస్తావన వినబడినంతగా, ఆ వీడియోల నడుమ దూరు ప్రకటనలను ఎట్లు అదుపుచేయవలెనను ప్రస్తావన వినబడలేదు.